సగం మీసం పందెం

దుబాయ్ దగ్గర అజ్మాన్‌లో మా అల్యూమినియం వర్క్‌షాపు గేటు దగ్గర నైజీరియా వాచ్‌మెన్లు ఇద్దరుండేవారు. ఇద్దరిదీ ఒకే రాష్ట్రం, పార్టీలే వేరు. అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. ఆ ఎన్నికల రోజుల్లో వాళ్ళు పొద్దస్తమానం కీచులాడుకుంటుంటే వినలేక, మా గోదావరి పద్ధతి చెప్పాను. ఓడినవాడు సగం మీసం తీయించుకోవాలి. ఇద్దరికీ తెగ నచ్చింది. పందేనికి పెద్దమనిషిని నేనే.

ఫలితాల్లో, ఇద్దరిలో పొడుగాయన పార్టీ ఓడింది.

"అంతా దొంగ లెక్క బ్రదర్, మావాళ్ళు కోర్టుకెళ్తున్నారు" అన్నాడు.

"మా ఊళ్ళో ఓడినోళ్ళందరూ అదే అంటారు. కూర్చో" అని నేనే సగం మీసం గీసేశాను.

కొన్ని నెలలకు కోర్టు ఆ గెలుపు చెల్లదని, పొడుగాయన మనిషే గవర్నరని చెప్పింది. సరే, రెండోవాడి సగం కూడా తీశాను. తర్వాత పైకోర్టు మొదటి ఫలితమే ఖాయమంది.

నేను మళ్ళీ రేజరు పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళేసరికి, ఏనాడూ ఒక్క మాట మీద లేని ఆ ఇద్దరూ నాకోసం కుర్చీ వేసి ఉంచారు.

"కోర్టు తేల్చకముందే తీర్పులిచ్చింది నువ్వు. కూర్చో" అన్నాడు పొడుగాయన. రెండోవాడు నా చేతిలో రేజరు లాక్కున్నాడు.

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో మా ఆవిడ నా సగం మీసం చూసింది.

"ఇక్కడ ఎలక్షన్లేమీ లేవు కదండీ. మీరెక్కడ ఓడిపోయారు?" అంది.

"నైజీరియాలో" అన్నాను.