గరగర ఎవరిది

మా బావ బేకరీ వాన్ నడుపుతాడు. దుకాణాల దగ్గర రొట్టెల ట్రేలు దించేది నేను. వాన్‌లో రేడియో మీద ఎవరు చెయ్యి వేసినా బావ ఊరుకోడు. మీడియం వేవ్‌లో ఒకే ఒక్క స్టేషన్ పెడతాడు, ఎందుకంటే అందులో మధ్యాహ్నం రోడ్ల వార్తలు చదివేది మా అక్క. పెళ్లాం మాట వాన్‌లో కూడా వింటున్నాడని బేకరీ అంతా ఏడిపిస్తుంది. "ఇంట్లో వినక తప్పదు, ఇక్కడ ఇష్టపడి వింటున్నా" అంటాడు.

ఆ మధ్య అక్కకు ఆపరేషన్ చేసి గొంతులో కాయ తీశారు. కొన్ని నెలలు సైగలతోనే సంసారం నడిపింది. ఈ వారమే మళ్లీ మైకు ముందు కూర్చుంది. వారం చూసి, గొంతు కుదరకపోతే లోపలి గదిలో కాగితాల పని ఇస్తామన్నారు స్టేషన్ వాళ్లు. మైకు తప్ప మరో పని ఎరగని మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో వాళ్లకేం తెలుసు! ఇంట్లో మాట్లాడితే బొంగురుగానే ఉంది కానీ, రేడియోలో తెలియదేమోనని ఆమె ఆశ.

"స్టూడియోలో అందరూ నా మొహం చూసి బాగుందంటున్నారు. నువ్వు వాన్‌లో విని చెప్పు. నీకు అబద్ధం ఆడటం చేతకాదు" అంది బావతో.

మొదటి రోజు విన్నాం. ఒకటే గరగర. రాత్రి అన్నాల దగ్గర "అది వాన్‌దే, నీది కాదు" అని బావ ఒట్టేసి చెప్పాడు. అక్క అతని పళ్లెంలో ఇంకొంచెం కూర వేసింది.

మర్నాడు పొద్దున్నుంచే బావ ఆ గరగర వెంట పడ్డాడు. యాక్సిలరేటర్ తొక్కితే రేడియో కూడా కూత పెంచుతోంది. "ఇది ఇంజిన్ పని" అన్నాడు. ఒక దుకాణం ముందు ఇంజిన్ ఆపితే కూత పోయింది, చిటపటలు మిగిలాయి. ఏరియల్ మొదట్లో తుప్పు కనిపించింది. గరుకు కాగితంతో రుద్ది, మర బిగించాడు. కొంచెం తగ్గింది. చివరికి నా ఫోన్ ఛార్జర్ మీద కన్ను పడింది. పీకగానే మిగతా చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

"దొంగ నా పక్క సీట్లోనే ఉన్నాడురా! నీ ఫోనుకు మేత పెట్టి మీ అక్క గొంతు కోశావు" అని నవ్వుతూ ఛార్జర్‌ను చొక్కా జేబులో వేసుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. దొంగలందరూ దొరికాక కూడా గరగర మిగిలితే ఈయన ఏమైపోతాడోనని భయం పట్టుకుంది.

వార్తల వేళకు, కరెంటు తీగలు లేని మైదానం పక్కన వాన్ నిలిపి ఇంజిన్ ఆపేశాడు. అక్క కంటే ముందు మాట్లాడిన అనౌన్సర్ గొంతు ఖంగున మోగింది. అతను కాగితం తిప్పిన చప్పుడు కూడా వినిపించింది. బావ సంతోషం పట్టలేక నా తొడ మీద చరిచాడు.

తర్వాత అక్క. "శ్రోతలకు నమస్కారం. ఈనాటి రోడ్ల వార్తలు."

గరగర.

బావ ట్యూనింగ్ బటన్ అటూ ఇటూ కదిపాడు. స్టేషన్ ఉన్నచోటే ఉంది. కిటికీలోంచి తల బయట పెట్టి పైకి చూశాడు. తీగలేమీ లేవు. వంతెన మరమ్మతు గురించి చదువుతూ అక్క ఒక మాట మధ్యలో ఊపిరి తీసుకుంది. ఇదివరకు ఎప్పుడూ అలా తీసుకునేది కాదు.

"బావా..."

"నోర్ముయ్. విననీ."

చివరిదాకా విన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద కోపమూ వచ్చింది. ఆ పాడు రేడియోను దాని మానాన వదిలేస్తే ఏం పోయేది?

సాయంత్రం అక్క గుమ్మంలోనే అడిగింది. "ఎలా ఉంది?"

"ఇంకా ఆ రేడియో..." అంటూ బావ చెప్పులు విప్పడానికి వంగాడు. జేబులోంచి ఛార్జర్ జారి ఆమె కాళ్ల దగ్గర పడింది.

అక్క దాన్ని తీసింది. తుప్పుతో ఎర్రబడ్డ అతని వేళ్లు చూసింది. రేడియో గరగరలాడుతోందని ఫోన్ చేసే శ్రోతలకు, ముందు ఛార్జర్ పీకి చూడండి అని చెప్పేది ఆమే. నిన్న మాకు మాత్రం ఆ మాట చెప్పలేదు.

"బాగు చేసేశావన్నమాట" అంది.

బావ వంగినవాడు వంగినట్టే రెండో చెప్పు విప్పాడు. అక్క ఛార్జర్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఈ వారం అయ్యేదాకా దీన్ని వాన్‌లోనే గుచ్చి ఉంచరా" అంది, ఆ గొంతుతోనే.