మాట పడిపోయిన సోమవారం

నా చేతులు ఊరుకోవు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కదా, ఎవరి కంప్యూటర్ కనబడినా ఏదో ఒకటి కెలకాలి. ఆ కెలుకుడికి బలైపోయింది సుభాషిణిగారు.

ఆవిడది అనకాపల్లి. పుట్టుకతోనే చూపు లేదు. దేశ రాజధానికొచ్చి, లక్ష్మీ నగర్‌లో పీజీ హాస్టల్లో ఉంటూ పదకొండేళ్ళుగా ఉద్యోగం కోసం తిరుగుతోంది. తెరమీద ఉన్నది ల్యాప్‌టాప్ చదివి వినిపిస్తే విని, టైపు చేస్తుంది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ పాత లినక్స్. కొత్త హంగులేం రావు గానీ ఆరేళ్ళలో ఒక్కరోజు మొరాయించలేదు. పొద్దున్నే కాఫీ తాగి, అప్‌డేట్ కొట్టి పని మొదలుపెట్టడం ఆవిడ అలవాటు. వచ్చేవి చిన్నాచితకా మరమ్మతులే కాబట్టి ఎప్పుడూ ఏమీ కాలేదు.

సాకేత్‌లో ఒక ఆఫీసువాళ్ళు సోమవారం పదింటికి పరీక్షకి రమ్మన్నారు. వాళ్ళ కంప్యూటర్లు చదివి వినిపించవు, సొంతది తెచ్చుకోమన్నారు. వయసు దాటిపోతోంది, ఆవిడకిదే ఆఖరి అవకాశం. నమూనాగా పంపిన ఫైల్లో పట్టికలు మాత్రం ఆవిడ పాత ప్రోగ్రాంలో తెరుచుకోలేదు.

"ఆ ఒక్క ప్రోగ్రామే కొత్తది వెయ్యండి మహేష్ గారూ. మిగతాది కదపొద్దు" అంది.

నేను వింటేనా. శనివారం నాడు పాతదంతా తీసేసి, నేను వాడే లినక్స్ ఎక్కించాను. అందులో రోజూ కొత్త సరుకు దిగుతూనే ఉంటుంది, దాంతో ఒక్కోసారి ఉన్నది చెడుతుంది కూడా. పట్టికలు గడగడా చదివేసింది. ఆవిడ ముఖం వెలిగిపోయింది. పొద్దున్నే అప్‌డేట్ కొడుతుందని నాకు తెలుసు. ఈ రెండ్రోజులూ మానమని చెప్పడం మర్చిపోయాను.

సోమవారం ఎనిమిదింటికి ఫోను. "రోజూలాగే అప్‌డేట్ కొట్టానండీ. ఇది మాట్లాడటం లేదు. నేనేమైనా పాడుచేశానా?" నా నిర్వాకానికి ఆవిడ తనని తాను తిట్టుకుంటోంది.

నేనుండే నోయిడా నుంచి ఆవిడ హాస్టల్‌కి పరిగెత్తాను. ఎంత కొట్టుకున్నా సౌండు రాలేదు. ఇక లాభం లేదని, పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాత లినక్సునే, ఆవిడతో మెట్రో ఎక్కి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఎక్కిస్తూ కూర్చున్నాను. "వచ్చిందా?" అని రాజీవ్ చౌక్ స్టేషన్ దాకా ఆరుసార్లు అడిగింది. తర్వాత అడగడం మానేసింది. అడిగినప్పుడే నయం అనిపించింది.

సాకేత్ చేరేసరికి పదిన్నర. ల్యాప్‌టాప్‌కి గొంతైతే వచ్చింది. పరీక్ష గది మూసేశారు.

"సారీ మేడం, టైం అయిపోయింది" అన్నాడు తలుపు దగ్గరి ఆయన. ఆవిడ బతిమాలింది. తప్పు నాదని చేతులు జోడించాను. ఎవరిదైతే ఆయనకేం?

తిరుగు మెట్రోలో, "ఆ ఒక్క ప్రోగ్రామూ వేసిచ్చేస్తాను" అన్నాను సిగ్గులేకుండా. ఆవిడ తడుముకుని నా ఒళ్ళోంచి ల్యాప్‌టాప్ తీసేసుకుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని, విని విని ఏదో టైపు చేసింది.

"పాస్‌వర్డ్ మార్చేశాను మహేష్ గారూ. ఏమీ అనుకోకండి" అంది.