చేపని గేదె

మొన్న టీవీలో వాయుగుండం కబురు వినగానే మా కోడలు పాల ప్యాకెట్లు ఎక్కువ తెప్పించి ఫ్రిజ్‌లో సర్దుతుంటే నాకు నవ్వాగలేదు. ఎందుకో చెప్పాలంటే చాలా కథ, అందుకని తెనాలిలోని మా వరండాలో ఒక్కదాన్నే కూర్చుని రేపల్లె రోజులు తలచుకున్నాను.

ఉప్పెన వచ్చి వెళ్ళి, గంజీ దుప్పట్లూ పంచిన లారీలన్నీ తిరుగుముఖం పట్టాక కూడా అక్కడే ఉండిపోయిన ఒక చిన్న సేవాసంఘంలో నేను పనిచేసేదాన్ని. పెళ్ళికాని పిల్లని అంతదూరం పంపడానికి మా నాన్న ఒప్పుకున్నారంటే, సంఘం పెద్దాయనదీ మా అమృతలూరే కావడం వల్ల. ఆ పెద్దాయనకి పాడి మీద ఎంత గురి అంటే, జ్వరానికైనా దిగులుకైనా గేదెను కొనుక్కోమనే చెప్పేవారు. అందుకే సముద్రపొడ్డున పడవలూ వలలూ పోగొట్టుకున్న వేటవాళ్ళకి ఇంటికో గేదెను ఇప్పించి, పితకడం నేర్పమని నన్ను పంపించారు.

అక్కడ నేను అక్కా అని పిలిచే ఒకావిడ ఉండేది. ఆవిడ భర్త, నాకు వరసకి బావ, పడవతోపాటు తమ్ముణ్ణీ పోగొట్టుకుని, అప్పటినుంచీ సముద్రం వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. పలకరిస్తే పలికేవాడు కాదు. గేదెను తోలుకెళ్ళిన రోజునే అక్క నడుం మీద చేతులు పెట్టుకుని, "పడవ పోయిందంటే గేదెనిత్తారేంటండీ? దీన్నెక్కి వేటకెళ్ళాలా?" అని నిలదీసింది. నేను దూడను గుంజకి కట్టే పనిలో పడ్డాను.

దూడను వదిలినా సరే, అక్క చెయ్యి తగిలితే ఆ గేదె తన్నేది. పొదుగులోకి పాలు దింపడాన్ని మన వైపు చేపడం అంటాం కదా, "ముందు చేపాలక్కా, ఆ తరవాతే పాలు" అని చెప్పి నేను రేపల్లె బస్సెక్కేశాను. మర్నాడు వెళ్ళేసరికి గేదె ముందు బుట్టెడు ఎండుచేపలు!

"చేపలన్నారని పెట్టానండి, మూతి తిప్పేసుకుంది," అని అక్క ఫిర్యాదు.

నేను నవ్వలేక నేలమీద కూలబడ్డాను. సంగతి తెలిసి అక్కా నవ్వింది. అటు చూస్తే బావ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడేమోనని ఇద్దరం హడలిపోయి దగ్గరికి వెళితే, నవ్వుతున్నాడు. ఆ నవ్వుతోనే లేచొచ్చి, గేదె పక్కన గొంతుక్కూర్చుని, వల లాగేటప్పటి హైలెస్సా పాట సన్నగా అందుకున్నాడు. గేదె చెవులు వాల్చి, హాయిగా చేపింది.

ఇంకేముంది, తెల్లారితే పేటంతా హైలెస్సాలే. నీళ్ళలో ఒక్క పడవ లేదు, ఒడ్డున మాత్రం గేదె గేదెకీ ఒక పాట! చూడ్డానికొచ్చిన పెద్దాయన చాలాసేపు విని, పంచె చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ, "అసలు వీళ్ళకేం కావాలో మనం అడిగామా అమ్మాయ్?" అన్నారు. ఆ తరవాత ఎక్కని గడప లేకుండా తిరిగి పడవలు సంపాదించారు. బావ మళ్ళీ వేటకి వెళ్ళాడు. ఇక గేదెను వెనక్కిచ్చేస్తావా అని నేను ఆటపట్టిస్తే అక్క కొట్టినంత పనిచేసింది.

"ఇంట్లో మనిషినెవరైనా ఇచ్చేత్తారేంటండీ!"

ఇప్పుడు గాలి మొదలవకముందే సాయం లారీలు బాపట్ల చేరుకుంటున్నాయి. ప్రాణాలు నిలబడుతున్నాయి, అంతకన్నా ఏం కావాలి. కానీ నీళ్ళు తీసేలోపే అవి వెళ్ళిపోతున్నాయి కూడా. ఏళ్ళ తరబడి అక్కడే ఉండి, అక్కల చేత చీవాట్లు తిని, ఏ ఇంట్లో ఎవరు మాట్లాడటం మానేశారో తెలుసుకునే తీరిక ఇప్పుడు ఎవరికుందో నాకు తెలియదు.