బాబాయ్‌గారి తప్పుల పుస్తకం

మా ఎదురింటి బాబాయ్‌గారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున్న పిన్నిగారు కాఫీ పట్టుకుని మేడ మీది రేకుల గదికి వెళితే, ఆయన బల్ల మీద తల ఆన్చుకుని ఉన్నారట. పక్కన టంకం వేసే కడ్డీ ఇంకా వేడిగానే ఉందట. “ముందు ప్లగ్గు పీకేనమ్మా, తరవాతే ఏడ్చేను. లేపోతే ఆయన కోప్పడేవారు” అని పిన్నిగారు వచ్చినవాళ్లందరికీ ఆ ఒక్కమాటే చెబుతున్నారు.

ఆయన మాకు చుట్టం కాదు. మలికిపురంలో మా వీధి మొత్తానికి బాబాయ్‌గారు, అంతే. టెలిఫోన్ల శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. స్తంభాలెక్కే పని పోయినా చేతులు ఊరుకోలేదు. పాడైన రేడియో, కాలిపోయిన మిక్సీ, పిల్లలు విరగ్గొట్టిన బొమ్మకారు, ఏది దొరికినా మేడెక్కించేవారు. కొన్నాళ్లకు అది ఇంకోటై దిగేది. నీళ్ల ట్యాంకు నిండితే ఈలవేసే డబ్బా మా వీధిలో ప్రతి ఇంటికీ ఉంది. పెరట్లో కొబ్బరికాయలు ఎన్ని రాలాయో చెప్పే రేకు కూడా ఒకటి చేశారు. కాయకీ ఉడతకీ తేడా తెలియక అది రెంటినీ లెక్కపెట్టేది.

మేం డాబా మీద వడియాలు పెట్టి కిందికి దిగడమే ఆలస్యం, వాన వచ్చేది. దానికీ ఒక యంత్రం చేశారు. బట్టల క్లిప్పు నోట్లో పంచదార బిళ్ళ ఉంటుంది. వాన చుక్క పడితే బిళ్ళ కరిగి, క్లిప్పు మూసుకుని, తీగలు కలిసి గంట మోగుతుంది. ఒకరోజు మండుటెండలో గంట మోగింది. వీధి వీధంతా మెట్లెక్కి పరిగెత్తాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. బిళ్ళను చీమలు తినేశాయి. మేం నవ్వి నవ్వి ఏడిపిస్తుంటే ఆయన నెమ్మదిగా, “చీమలు వాటి పని అవి చేసుకున్నాయమ్మా. చూసుకోవాల్సింది నేను కదా” అన్నారు. తరవాత ఉప్పుబిళ్ళ పెడితే, సముద్రం గాలికి వాన లేకుండానే కరిగింది. చివరికి కాగితం ముక్క పెట్టారు. అది ఇప్పటికీ పనిచేస్తోంది.

ఇలా చెడిపోయిన ప్రతిదాన్నీ ఆయన ఒక పాత నోటుపుస్తకంలో రాసుకునేవారు. వీధిలో దాన్ని తప్పుల పుస్తకం అనేవాళ్లం. వస్తువు పేరు, ఏం జరిగింది, ఏం చెయ్యాలి, కింద “పొరపాటు నాది” అని ఒక మాట. చీమల పేజీలోనూ అదే మాట.

మూడేళ్ల కిందట మా అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. తెలివికీ వినికిడికీ ఏ లోటూ లేదు. నేను ముందు గదిలో జాకెట్లు కుడతాను. మా ఇద్దరికీ ఆ మిషనే ఆధారం. దాని చప్పుడులో అమ్మ మూలిగినా నాకు వినపడేది కాదు. అది చూసి బాబాయ్‌గారు రెండురోజులు మేడ దిగలేదు. మూడోనాడు ఐసుబండి హారనుకుండే రబ్బరు బుడ్డి, దానికి సెలైను గొట్టం, గొట్టం చివర ఒక చిన్న పెట్టె పట్టుకొచ్చారు.

“వదినగారి వేళ్లకి స్విచ్చి నొక్కే బలం లేదమ్మా. పిడికిలి బిగించగలరు. అది చాలు మనకి” అన్నారు.

బుడ్డి పిసికితే గాలి గొట్టంలోంచి నా గదిలో ఉన్న పెట్టెలోకి వెళ్లి రేకును తోస్తుంది, బజ్జరు మోగుతుంది. ఒకసారి పిసికితే మంచినీళ్లు. రెండుసార్లయితే మంచం దగ్గరికి రమ్మని. మూడుసార్లయితే బాబాయ్‌గారిని పిలవమని. సాయంత్రం నాలుగయ్యేసరికి మూడు మోతలు వినపడేవి. నేను గుమ్మంలోంచి కేకేస్తే ఆయన “ఆయ్, వస్తన్నా” అంటూ పేపరు పట్టుకుని వచ్చేవారు. జిల్లా పేజీ మొదలుపెట్టి కొబ్బరి ధర దాకా చదివి వినిపించేవారు. ధర దగ్గరికొచ్చాక “ఇక మన చెట్లు కూడా నవ్వుతాయండీ వదినగారూ” అంటే, అమ్మ సగం నోటితో నవ్వేది.

ఇక రాయవలసింది రాస్తాను.

ఒకరోజు పెళ్లి జాకెట్లు సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. పొద్దుటినుంచి బజ్జరు మోగుతూనే ఉంది. నీళ్లు ఇచ్చి వచ్చి కూర్చుంటే మళ్లీ మోత. దిండు సర్ది వస్తే మళ్లీ మోత. ఆ చప్పుడు నా నెత్తిమీద సుత్తితో కొట్టినట్టు ఉంది. పదకొండింటికి లేచి పెట్టె తెరిచి, ఇక మోగకుండా రెండు బ్యాటరీల్లో ఒకదాన్ని తిరగేసి పెట్టాను. ఒక్క గంట అనుకున్నాను. మూడు గంటలు కుట్టాను. ఎంత హాయిగా కుట్టానో కూడా చెప్పాలి.

రెండింటికి అమలాపురం నుంచి అన్నయ్య వచ్చి, లోపలికెళ్లి, గట్టిగా నన్ను పిలిచాడు. అమ్మ సగం మంచం మీద, సగం కింద ఉంది. పక్క తడిసిపోయింది. చేతిలో బుడ్డి ఉంది. పిసికి పిసికి బిగుసుకుపోయిన ఆ పిడికిలిని మేమిద్దరం కలిసి విప్పాల్సి వచ్చింది.

“మోగలేదా?” అన్నాడు అన్నయ్య.

“లేదన్నయ్యా. పాడైనట్టుంది” అన్నాను.

అన్నయ్య బాబాయ్‌గారిని పిలిపించాడు. ఆయన నా గదిలోంచి పెట్టె తెచ్చి, అమ్మ ఎదురుగానే మూత తీశారు. లోపలికి చూశారు. నా వంక చూడలేదు. బ్యాటరీ సరిచేసి మూత పెట్టి, “చెమ్మండీ బాబూ. తుప్పు పట్టింది. నేను చూసుకోలేదు. క్షమించండి వదినగారూ” అన్నారు.

“ఇలాంటి ఆటబొమ్మలు మంచం మీదున్న మనిషికి కడతారేంటండీ” అన్నాడు అన్నయ్య. ఆయన తలవంచుకుని నిలబడ్డారు. అమ్మ గోడవైపు తిరిగిపోయింది.

మర్నాడు వచ్చి బజ్జరు తీసేసి, ఒక చిన్న నీలం దీపం తెచ్చి సరిగ్గా నా మిషను సూది పైన బిగించారు. “గుడ్డ మీద పడుద్దమ్మా వెలుగు. ఎంత పనిలో ఉన్నా కనపడుద్ది” అన్నారు. వెళ్తూ వెళ్తూ, “అలిసిపోతే చెప్పు. పిన్ని వచ్చి కాసేపు కూచుంటుంది” అన్నారు. నేను “ఆయ్” అన్నాను.

ఆ తరవాత అమ్మ ఎప్పుడూ బుడ్డిని మూడుసార్లు పిసకలేదు. ఆయన పేపరు పట్టుకుని వస్తే కళ్లు మూసుకునేది. నాలుగురోజులు వచ్చి, ఐదోరోజు నుంచి అరుగు మీదే నిలబడి “వదినగారు ఎలా ఉన్నారమ్మా” అని అడిగి వెళ్లేవారు. రెండేళ్లు అలాగే అడిగారు. నేను ప్రతిరోజూ రేపు చెబుదాం అనుకున్నాను. చెబితే అన్నయ్య అమ్మను తీసుకుపోతాడని భయం. అంతకన్నా, అమ్మ నన్ను ఎలా చూస్తుందోనని భయం. నా తప్పును ఒక పెద్దాయన మోస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. ఇంతకంటే మంచి మాట నా గురించి నేను రాసుకోలేను.

బాబాయ్‌గారి కోసం చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు రెండు మాటలు చెప్పమంటే లేచాను. ఆయన సేవాగుణం గురించి, ట్యాంకు ఈలల గురించి, చీమల గురించి చెప్పాను. అందరూ కన్నీళ్లతో నవ్వారు. అసలు మాట మింగేసి కూర్చున్నాను. పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని, “ఎంత బాగా చెప్పేవమ్మా. ఈ పుస్తకం నీ దగ్గరుంచుకో. మా పిల్లలకి ఇవి తెలవ్వు” అని తప్పుల పుస్తకం నా చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చి ఆ పేజీ వెతికాను. చెమ్మ అని ఉంటుందనుకున్నాను. లేదంటే నా పేరు ఉంటుందనుకున్నాను. ఆయన చేతిరాతలో ఇలా ఉంది:

“వదినగారి పిలుపు పెట్టె. శబ్దం మరీ ఎక్కువ. అమ్మాయి ఒక్కతే, అలిసిపోతోంది. బజ్జరు వద్దు, దీపం పెట్టాలి. పొరపాటు నాది.”

ఆయన పోయిన సంగతి అమ్మకు ఆరోజే చెప్పాను. నిన్న మధ్యాహ్నం పక్కన కూర్చుని మిగతాదంతా చెప్పాను. బ్యాటరీ తిప్పింది నేనేనని చెప్పాను. పేజీ చదివి వినిపించాను. అమ్మ చాలాసేపు నన్నే చూసింది. తరవాత, ఆరోజు ఆయన ముందు తిరిగినట్టే, గోడవైపు తిరిగిపోయింది.

చేసేది లేక వచ్చి మిషను ముందు కూర్చున్నాను. సూది కింద తెల్ల లైనింగు గుడ్డ ఉంది. నాలుగు కావస్తుండగా గుడ్డ మీద నీలం వెలుగు పడింది. మంచినీళ్లేమోనని లేవబోయాను. మళ్లీ పడింది. మళ్లీ పడింది. కాసేపాగి, మళ్లీ మూడుసార్లు.