అంటించి పీకిన నోటీసు

ఊరంతా ఆయన్ని జిగురు బాబాయ్ అంటుంది. ఇరవై రెండేళ్లుగా బ్యాంకు తరఫున తలుపులకు నోటీసులు అంటించడమే ఆయన పని. మైదా జిగురు తనే ఉడికించుకుంటాడు. అది ఎండిందంటే గోళ్లూడినా కాగితం రాదు.

అక్కడి చట్టం అలాంటిది మరి. ఇంటి అప్పు వాయిదాలు ఆగితే జడ్జి మొహం చూడకుండానే బ్యాంకు ఇల్లు అమ్మేసుకోవచ్చు. తలుపు మీద నోటీసు రెండు నెలలు ఉండాలి, అంతే. ఇంటివాళ్లకి కబురు చెప్పే దిక్కు ఆ కాగితం ఒక్కటే.

బాబాయ్‌కి మాత్రం ఓ పద్ధతుంది. అంటిస్తాడు, ఫొటో తీస్తాడు, తడి ఆరకముందే పీకేసి, నాలుగు మడతలు పెట్టి తలుపు కింది సందులోంచి లోపలికి తోస్తాడు. "నలుగురూ చదివితే వాళ్ల పరువేం కాను?" అంటాడు. ఆహా, ఎంత దయ! తగలెయ్య, ఆ దయ.

టైలరమ్మ నీలం తలుపు దగ్గరా అదే చేశాడు. ఆవిడ అప్పుడు చెల్లెలి ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో ఉంది. తిరిగొచ్చి, ఏమీ ఎరగక మిషన్ తొక్కుకుంటూ కూర్చుంది. మూడో నెలలో ఎవరో టేపు పట్టుకొచ్చి కిటికీలు కొలుస్తుంటే, ఇల్లు అమ్ముడైపోయిందని తెలిసింది. లబోదిబోమని కోర్టుకెక్కింది.

"మనిషి మాట వినకుండా ఇల్లు లాక్కోనిచ్చే చట్టం రాజ్యాంగానికి విరుద్ధం. కనీసం కబురైనా అందలేదు," అన్నాడు ఆవిడ లాయరు.

బ్యాంకు లాయరు తాపీగా ఫొటో చూపించాడు. దాంతో బాబాయ్‌ని బోనెక్కించారు.

"అంటించాక ఏం చేశారు?" అని అడిగాడు జడ్జి.

బాబాయ్ లోలోపల లెక్క వేసుకున్నాడు. నిజం చెబితే ఆవిడ ఇల్లు ఆవిడకుంటుంది. కానీ ఇరవై రెండేళ్ల ఫొటోలన్నీ బయటికొస్తాయి, ఉద్యోగం ఊడుతుంది. ఎదురుగా టైలరమ్మ రెండు చేతులూ జోడించి ఆయన మొహంలోకే చూస్తోంది. చేసిన పాపం చెబితే పోతుందంటారు గానీ, చెప్పే నోరుండాలిగా!

"వచ్చేశానండి," అన్నాడు.

నోటీసు అందినట్టే, చట్టంలో తప్పేమీ లేదు అని తీర్పొచ్చింది.

వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ చేయించడానికి బ్యాంకు మనుషులొచ్చారు. స్వాధీనం నోటీసు అంటించడానికి బాబాయ్ కూడా బకెట్టుతో వచ్చాడు. కూలీలు మిషన్ బయట పెట్టి, గుమ్మం దగ్గర పరిచిన రెక్సిన్ చుట్టేశారు. దాని కింద నాలుగు మడతల కాగితం.

టైలరమ్మ విప్పి చదివింది. వెనక్కి తిప్పింది. ఎండిన జిగురు, దానికి అంటుకొచ్చిన పాత నీలం రంగు పెచ్చులు. తన తలుపు రంగు ఆవిడకి తెలీదా?

"పీకేశావా బాబాయ్?"

"నీ పరువు కోసమేనమ్మా..."

"కోర్టులో చెప్పలేదేం?"

బాబాయ్ చటుక్కున ఆ కాగితం లాక్కుని జిగురు బకెట్లో ముంచేశాడు. కర్రతో మూడుసార్లు తిప్పాడు. ఆవిడ గోడకి చేరగిలబడిపోయింది.

తలుపు మూశారు, తాళం వేశారు. అదే జిగురు పూసి బాబాయ్ కొత్త నోటీసు అంటించాడు. ఫొటో తీశాడు. అలవాటుగా చెయ్యి కాగితం అంచు మీదికి పోయింది.

"ఉంచు బాబాయ్," అంది మెట్ల మీద కూర్చున్న టైలరమ్మ. "ఇంక లోపల చదివేవాళ్లెవరూ లేరు."

ఆయన చెయ్యి తీసేసి, బకెట్టు పట్టుకుని పక్క వీధిలోకి వెళ్లాడు. అక్కడ ఇంకో తలుపుంది.