తలుపు సందుల్లో గాలి

ఈ చలికాలంలో మా మావయ్యగారు పోయారు. మావయ్యగారంటే నా భర్త తండ్రి. బిర్సానగర్‌లో మా ఇంట్లోనే, తన గదిలో, తన మంచం మీదే పోయారు. రాత్రి పడుకున్న మనిషి పొద్దున్న లేవలేదు. డాక్టరు వచ్చి చూసి గుండె ఆగిపోయిందన్నాడు, నిద్రలోనే అయి ఉంటుందన్నాడు. వచ్చినవాళ్లందరూ అదృష్టవంతుడు, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లిపోయాడన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ నేను వంటింట్లోకి వెళ్లి, తోమిన గిన్నెనే మళ్లీ తోముతూ నిలబడ్డాను. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని మా ఆయన అడిగారు. మంచి మాటలకి కరువు లేదు. కాకపోతే నేను రాస్తే వాటి వెంట నా సిగ్గు కూడా వస్తుంది. చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

మావయ్యగారు ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత మా ఇల్లే ఆయనకి ప్లాంటయింది. కుళాయి కారినా, కిటికీ రెక్క జారినా, గడియ పట్టేసినా బయటి మనిషిని పిలవనిచ్చేవారు కాదు. "మిస్త్రీకి ఈ ఇంటి సంగతి ఏటి తెలుసు? ఆడొత్తాడు, నాలుగు దెబ్బలు కొడతాడు, ఎల్లిపోతాడు. ఉండీది మనవు కదా," అనేవారు. పాత సైకిలు ట్యూబులు, విరిగిన బకెట్ల పిడులు, వంగిన మేకులు, అన్నీ ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో దాచేవారు. ఆయన చేసిన రిపేరు చూడ్డానికి బాగుండేది కాదు, ఉన్నమాట చెప్పాలి. నేను ముచ్చటపడి నీలం రంగు వేయించుకున్న బాత్రూం తలుపుకి కింద చెమ్మ పడుతోందని ఎర్రటి రేకు ముక్క కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. మా వీధిలో అందరి బాత్రూం తలుపులూ పుచ్చిపోయాయి, మాది ఇప్పటికీ గట్టిగానే ఉంది.

ఇక్కడ మా ఇళ్లలో ఒక పద్ధతి గురించి చెప్పాలి. లేకపోతే మిగతాది అర్థం కాదు. మావాళ్లలో కోడలు మావగారి ఎదురుగా నిలబడి మాట్లాడదు. ఎవరూ కట్టడి చేయరు, అలా అలవాటైపోయింది, అంతే. శ్రీకాకుళం నుంచి తాతల కాలంలో ప్లాంటు పనులకని ఇంత దూరం, ఈ హిందీ ఊరికి వచ్చినా మా ఆడవాళ్లు ఆ అలవాటుని మాత్రం మూట విప్పకుండా తెచ్చుకున్నారు. అత్తగారు ఉన్నంతకాలం ఆవిడ చేత చెప్పించేదాన్ని. ఆవిడ పోయాక గాలికి చెప్పడం మొదలుపెట్టాను. "వంటింటి కుళాయి కారతంది," అని పొయ్యికేసి చూస్తూ అనేదాన్ని. హాల్లో పేపరు మడిచిన చప్పుడు వినిపించేది, కాసేపటికి స్పానరు చప్పుడు. పనయ్యాక ఆయన కూడా గోడకేసి చూస్తూ, "వాసరు అరిగిపోనాది. మారిసీసినాను," అనేవారు. మా అమ్మాయికి ఇదంతా పెద్ద తమాషా. "అరే మమ్మీ, తాతయ్యా సామ్‌నే హీ తో బైఠే హై!" తాతయ్య ఎదురుగానే కూర్చున్నారు కదా అని, పొట్ట పట్టుకుని నవ్వేది.

నవ్వితే నవ్వింది గానీ, మా ఇద్దరికీ ఆ పద్ధతి బాగా కుదిరింది. నేను ఇంటికి వచ్చిన జబ్బు చెప్తాను, ఆయన నయం చేస్తారు. మా మధ్య ఉన్న చుట్టరికమంతా అదే. ఒక్కోసారి చెప్పకపోయినా చేసేవారు. పోపుల డబ్బా ఉండే అలమర నాకు అందేది కాదు, మునివేళ్ల మీద లేచి తీసేదాన్ని. ఒకరోజు బజారుకి వెళ్లి వచ్చేసరికి ఆ అలమర జానెడు కిందకి దిగి ఉంది. నా గుండె నిండిపోయింది. "ఇప్పుడు అందతంది," అన్నాను పోపుల డబ్బాతో. "అందాల మరి," అన్నారాయన గుమ్మంతో. ఆయనకి నేను చెప్పిన కృతజ్ఞత ఆ ఒక్క ముక్కే.

చలికాలం వచ్చిందంటే ఆయనకి పని పెరిగేది. ఇక్కడ డిసెంబరు, జనవరి నెలల్లో నది వైపు నుంచి వచ్చే గాలి కిటికీ సందుల్లోంచి దూరి ఎముకలు కొరికేస్తుంది. మావయ్యగారు అగరబత్తి వెలిగించి తలుపుల చుట్టూ, కిటికీల చుట్టూ మెల్లగా తిప్పేవారు. పొగ నిటారుగా లేస్తే అక్కడ సందు లేనట్టు, వంగితే ఉన్నట్టు. వంగిన చోట పెన్సిలుతో గీత పెట్టేవారు. "కంటికి కనపడదు గానీ పొగకి దొరికిపోతాది," అనేవారు. గీత పెట్టిన చోటల్లా రబ్బరు పట్టీ అంటించి, సన్నమేకులు కొట్టేవారు. ప్లాంటులో యంత్రాల అతుకుల మధ్య వేసే రబ్బరుని గాస్కెట్ అంటారట, ఆయన మా కిటికీల రబ్బరుని కూడా ఆ పేరుతోనే పిలిచేవారు. తలుపు కింద సందుకి నా పాత చీరని గొట్టంలా కుట్టి, రంపపు పొట్టు కూరి, ఒక పొడవాటి దిండు తయారుచేశారు. మా అమ్మాయి దానికి అజ్‌గర్ అని పేరు పెట్టింది. కొండచిలువ అన్నమాట. చుట్టాలు వస్తే నేను ఆ అజ్‌గర్‌ని కాలితో సోఫా కిందకి తోసేసేదాన్ని. వాళ్లు వెళ్లగానే ఆయన వంగి బయటికి లాగి, దుమ్ము దులిపి, మళ్లీ గుమ్మం దగ్గర పెట్టేవారు.

ఆయన ఏడాదికి ఒక గది చొప్పున చేసుకుంటూ వచ్చారు. ముందు మా గది, తర్వాత హాలు, తర్వాత వంటిల్లు. తన గది ఆఖరికి పెట్టుకున్నారు. ఆ గది కిటికీ వీధి వైపు ఉంటుంది, ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ గాలి కొట్టేది దానికే. ఈ ఏడు దాని వంతు వచ్చింది. ఆటో ఎక్కి వంతెన దాటి, మాంగో అనే పేటలో ఉన్న బజారుకి వెళ్లి ఒక చుట్ట నల్ల రబ్బరు తెచ్చుకున్నారు. అప్పటికే ఆయనకి దగ్గు పట్టుకుంది. మందు తాగుతున్నారు, తగ్గడం లేదు. పొడిదగ్గు, మొదలైతే ఆగేది కాదు.

మా అమ్మాయికి ఈ ఏడు పదో తరగతి బోర్డు పరీక్షలు. చదువుకునే బల్ల హాల్లో ఉంది, సరిగ్గా ఆయన గది తలుపు పక్కన. ఒకరోజు సాయంత్రం లోపల ఆయన దగ్గుతుంటే ఇది పుస్తకం మీద తల వాల్చి రెండు చెవులూ మూసుకుని కూర్చుంది. పాపం, పిల్ల ఒక్క మాట అనలేదు. నాకే ఎక్కడలేని కోపం వచ్చింది. దగ్గు గురించి పెద్దాయనతో అనలేం కదా. అందుకని తెలివిగా, మర్యాదగా ఒక మాట తయారుచేసుకున్నాను. హాలు మధ్యలో నిలబడి, ట్యూబులైటుకేసి చూస్తూ, "ఆ గది తలుపు సందుల్లోంచి గాలి తెగ వచ్చేత్తంది. పిల్ల సదువుకోనేకపోతంది," అన్నాను.

లోపల దగ్గు ఆగింది. ఆపుకున్నారో, అదే ఆగిందో.

మర్నాడు మధ్యాహ్నం ఆయన అగరబత్తి వెలిగించుకుని తన గది తలుపు దగ్గర నిలబడ్డారు. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నాను. ఆ తలుపు లోపలి తలుపు. అటు గది, ఇటు హాలు, గది తలుపు మూసే ఉంటుంది. కిటికీలోంచి ఎంత గాలి కొట్టినా ఆ తలుపు దాటి ఎక్కడ వస్తుంది? ఆయన అగరబత్తిని పైనుంచి కిందదాకా, అటూ ఇటూ ఓపిగ్గా తిప్పారు. పొగ దారం పట్టుకుని లాగినట్టు నిటారుగా లేచింది. ఎక్కడా వంగలేదు. ఆయన పొగని చూశారు, తర్వాత నావైపు చూశారు. నేను చాటలోకి తల దించేశాను. పక్కనే బల్ల దగ్గరున్న మా అమ్మాయి, "హవా తో నహీ హై, తాతయ్యా," అంది, గాలే లేదు కదా అని. ఆయన అగరబత్తి కొసని వేళ్లతో నలిపి ఆర్పేశారు.

"నేకపోడవేటమ్మా, ఉంది. సాలా వత్తంది. మీ అమ్మ సరిగ్గానే సెప్పింది," అన్నారు.

ఆ సాయంత్రానికల్లా తలుపు చట్రం చుట్టూ నల్ల రబ్బరు పట్టీ పడింది. మేకు మేకుకీ మధ్య ఎడం కూడా సమానంగా ఉంది. వీధి గుమ్మం దగ్గరున్న అజ్‌గర్‌ని తీసుకుని తన గదిలోకి పట్టుకుపోయారు, లోపలినుంచి తలుపు కిందకి నొక్కి పెట్టుకోవడానికి. తలుపు వేస్తే సీసాకి బిరడా పెట్టినట్టు బిగిసిపోయింది. దగ్గు వినిపించడం మానేసింది. హాలు హాయిగా, నిశ్శబ్దంగా ఉంది. "ఇప్పుడు బాగుంది," అన్నాను ట్యూబులైటుతో. "గాస్కెట్ పడితే మరంతే," అన్నారాయన గోడతో. ఆయన గొంతులో కోపం ఏమాత్రం లేదు. ఉంటే బాగుండేది. ఒక్కసారి కసిరితే సరిపోయేది, నేనూ ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ రోజు నేను సిగ్గుపడ్డానా అంటే, లేదు. పెద్దాయన మనసు నొప్పించకుండా పని చక్కబెట్టానని లోలోపల మురిసిపోయాను కూడా.

ఆయన పోయిన రోజు పొద్దున్న సంగతి చెప్తాను. మా ఆయన నైట్ షిఫ్టులో ఉన్నారు, ఇంకా ఇంటికి రాలేదు. మావయ్యగారు ఎప్పుడూ తెల్లవారకముందే లేచి హాల్లో కూర్చునేవారు. ఆ రోజు రాలేదు. టీ పెట్టి బల్ల మీద ఉంచాను. ఆయన గదిలోకి నేను వెళ్లను, పేరో వరసో పెట్టి పిలవను. "టీ సల్లారిపోతంది," అన్నాను హాల్లో నిలబడి. కాసేపాగి మళ్లీ అన్నాను, కాస్త గట్టిగా. ఇంకాసేపటికి తలుపు దగ్గరికే వెళ్లి, ఆ నల్ల రబ్బరుకి మొహం ఆనించినంత దగ్గరగా నిలబడి అదే మాట అన్నాను. అప్పుడు తట్టింది నాకు. లోపలి దగ్గు నాకు వినపడనప్పుడు నా మాట ఆయనకి ఎలా వినపడుతుంది? తలుపు తోశాను. అజ్‌గర్ అడ్డుపడి రాలేదు. మా అమ్మాయి లేచి వచ్చింది, అప్పుడే మా ఆయన కూడా సైకిలు స్టాండు వేసి లోపలికి వచ్చారు. ఆయన భుజంతో తోస్తే ఆ తలుపు వచ్చింది.

నిద్రలోనే పోయారని డాక్టరు అన్నాడు, నిజమే అయి ఉండొచ్చు. దగ్గారేమో, పిలిచారేమో, మంచినీళ్లు అడిగారేమో. ఎవరికీ తెలియదు. తెలియకుండా ఉండేట్టు అడిగి చేయించుకున్నది నేనే కదా.

పదకొండో రోజు భోజనాలప్పుడు బాగ్‌బేరా నుంచి వచ్చిన మా ఆడపడుచు నలుగురిలో నన్ను దగ్గరికి తీసుకుంది. "ఇన్నేళ్లయింది, మా నాన్న ఎదుట మా వదిన గొంతెత్తి ఎరగదు. ఇలాటి కోడలు ఎవులకి దొరుకుతాది?" అంది. అందరూ అవునన్నారు. మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. మా అమ్మాయి మాత్రం నాకేసి చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. దానికి తెలుసు. అగరబత్తి పొగ వంగలేదని అదీ చూసింది, పైకి అన్నది కూడా అదే. వడ్డిస్తున్న గరిటె అక్కడే పెట్టేసి పెరట్లోకి వెళ్లిపోయాను. భూమిలోకి కుంగిపోతే బాగుణ్ణనిపించింది.

చుట్టాలు వెళ్లిపోయాక, మా ఆయన డ్యూటీకి, పిల్ల స్కూలుకి వెళ్లాక, మొదటిసారి నేను ఒక్కదాన్నే ఆయన గదిలో అడుగుపెట్టాను. రేకు డబ్బా కిటికీ గట్టు మీదే ఉంది. కిటికీ చట్రం నిండా పెన్సిలు గీతలు, పొగ వంగిన చోటల్లా. నాలుగు వైపులా ఉన్నాయి. రబ్బరు మాత్రం ఎక్కడా లేదు. డబ్బాలో చూశాను, చుట్ట అయిపోయి ఒక చిన్న ముక్క మిగిలింది. కిటికీ కోసం తెచ్చుకున్నదంతా తలుపుకి పెట్టేశారు. మంచం మీద మడిచిపెట్టి ఉన్న ఆయన మంకీ టోపీ, స్వెట్టరు చూసి అక్కడే కూలబడి పెద్దగా ఏడ్చాను. తలుపు దానంతటదే మూసుకుపోయి ఉంది. ఎంత ఏడ్చినా హాల్లోకి వినపడదని గుర్తొచ్చి ఇంకా ఏడుపొచ్చింది.

సాయంత్రం దీపం పెట్టే వేళకి హాల్లో ఆయన ఫొటో ముందు అగరబత్తి వెలిగించాను. ఫొటో ఆయన గది తలుపుకి ఎదురుగా, గోడకి ఉంది. పొగ నిటారుగా లేస్తోంది, ఆ రోజు లేచినట్టే. నేను వెళ్లి ఆ గది తలుపు బార్లా తెరిచాను. మళ్లీ మూసుకుపోకుండా అజ్‌గర్‌ని అడ్డం పెట్టాను. అటు కిటికీ సందుల్లోంచి దూరిన చలిగాలి ఆయన మంచం మీదుగా హాల్లోకి వచ్చి నా కాళ్లకి తగిలింది. ఫొటో ముందు పొగ ఒక్కసారి ఊగి, పక్కకి వంగిపోయింది.

నేను ట్యూబులైటుకేసి చూడలేదు. ఫొటో ఎదురుగా నిలబడి, ఆయన కళ్లలోకి చూస్తూ అన్నాను.

"గాలి వత్తంది, మావయ్యా."