మూసలక్క విరిచిన కడ్డీలు

ఆమె అసలు పేరు ఫ్యాక్టరీలో ఎవరికీ గుర్తులేదు. లోహం కరిగించే మూసల్ని పదహారేళ్లుగా కాలుస్తోంది కాబట్టి అందరికీ మూసలక్కే. ఊడ్చే పనికి చేరి, పెద్దమేస్త్రీ చెప్పేవన్నీ చెవులు రిక్కించి విని, బట్టీ బాధ్యత తీసుకునేదాకా వచ్చిన మనిషి.

ఆ ఉదయం బట్టీ తెరిచి చూసింది. రాత్రి కాల్చినప్పటి మీటరు లెక్కలో, ఉండాల్సిన పదహారు వందల డిగ్రీలే ఉంది. కానీ మూసల పక్కన పెట్టే కొలత బిళ్ళ, వేడిని బట్టి కుంచించుకుపోయేది, ఉండాల్సినదానికన్నా చిన్నదైపోయింది. అంటే మీటరు అబద్ధమాడుతోంది.

బయట వ్యాను సిద్ధంగా ఉంది. సరుకు కోసం వచ్చింది ఎవరో కాదు, ఆమె అక్క మొగుడే. పోత కార్ఖానాలో ఈ మూసల్ని పట్టుకారుతో ఎత్తి, కరిగిన లోహం పోసేది అతనే.

"ఎక్కించండి," అన్నాడు మేనేజరు.

"వద్దు సార్. ఎక్కువ కాలాయి."

"కాలితే ఇంకా గట్టిపడతాయి కదమ్మా! చూడు, ఎంత నున్నగా ఉన్నాయో."

"పైకి అలాగే ఉంటాయి సార్. తక్కువ కాలితే లోపల సందులు మిగులుతాయి. ఎక్కువ కాలితే రేణువులు ఒకదాన్నొకటి మింగి లావెక్కుతాయి. ఎలా కాలినా బలం ఉండదు. కడ్డీలు విరిచి చూద్దాం."

మూసల్ని చేసిన పొడితోనే పరీక్ష కోసం ఆరు కడ్డీలు చేసి, వాటితో పాటే కాలుస్తారు. ముప్పై కిలోల బరువు ఆపితేనే సరుకు బాగున్నట్టు. మొదటిది ముప్పై రెండు దగ్గర విరిగింది. రెండోది ముప్పై ఒకటి.

"అయిందా? ఇక చాలు," అంటూ మేనేజరు గడియారం చూసుకున్నాడు.

ఆమె మూడో కడ్డీ చేతిలోకి తీసుకుంది. తన మాట తప్పైతే పదహారేళ్ల పేరు నీళ్లపాలే. అయినా మూడోది పెట్టింది. పద్నాలుగుకే టప్పుమంది. నాలుగోది పన్నెండు. ఐదోది నిలిచింది. ఆరోది పదిహేనుకే పోయింది.

"సగం బాగానే ఉన్నాయిగా," అన్నాడు మేనేజరు, గొంతు తగ్గించి.

"నా కాళ్ల మీద ఒలకడానికి ఒక్క మూస చాలు సార్," అన్నాడు బావ. మరదలి వైపు తిరిగి, "నా మీద ఇంత ప్రేమ ఉందని ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీ మీద కాదు బావా, మా అక్క మీద."

వ్యాను ఖాళీగా వెళ్లింది. బావ తన కార్ఖానాలో చీవాట్లు తిన్నాడు. ఎక్కువ కాల్చి సరుకు పాడుచేసిందని ఆమెకు సంజాయిషీ నోటీసు అందింది. మూడో రోజు వచ్చిన మెకానిక్, వేడి కొలిచే తీగ పాడై తొంభై డిగ్రీలు తక్కువ చూపిస్తోందని తేల్చాడు. నోటీసు వెనక్కి తీసుకున్నారు. తప్పయిందని మాత్రం ఎవరూ అనలేదు. ఆమె అడగనూ లేదు. మూడు రోజుల పని పేరుకుపోయి ఉంది.